మూడో లైను

మార్చి 4, మంగళవారం

ఫరీదాబాద్ ఫ్లాట్‌లో మా ముందు గది ఇప్పుడు ఆఫీసు. ఆయన ఉద్యోగం మానేసి సొంతంగా సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టారు. టీమ్ ముగ్గురే. ఆయన, భావన, సాయిప్రకాష్. ఇన్నాళ్ళూ ఒకరి కోడ్ మీద ఇంకొకరు సేవ్ చేసి పోట్లాడుకునేవారు. ఈరోజు గిట్ పెట్టారు. బల్ల కింద నల్ల పెట్టె అందుకే. ఎవరు ఏ లైను మార్చారో, ఎప్పుడు మార్చారో అంతా అందులో ఉంటుందట. ప్రతి మార్పూ ఒక కమిట్. ఏదైనా పోతే పాత కమిట్‌కి వెళ్ళి తెచ్చుకోవచ్చట.

మొదటి కమిట్ నేనే చేయాలని సాయిప్రకాష్ పట్టుబట్టాడు. వదినా, ఏడో క్లాసు చదువు దీనికి ఎక్కువే, టీమ్ పేర్లు కొట్టండి చాలు అన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుంటూ భావన, సాయిప్రకాష్ అని కొట్టాను. మూడో లైను దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన పేరు నేను ఎప్పుడూ పలకలేదు. రాయలేదు. మా అమ్మ అలా పెంచింది. చివరికి ‘ఆయన’ అని కొట్టాను.

భావన కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సరేలే, ఉండనీ అని నా చేతే ఎంటర్ నొక్కించారు.

మార్చి 6

ఆయన ఆ లైను మార్చి అసలు పేరు పెట్టారు. క్లయింట్ చూస్తే పరువు పోతుందట.

మార్చి 8

మూడు గ్లాసుల టీ పట్టుకెళ్ళాను. మూడోది ఎవరికి అని ఆయన అడిగారు. భావనకి అన్నాను. ఏ భావన అన్నారు. వేళాకోళం అనుకున్నాను. సాయిప్రకాష్ కూడా, ఖాళీ కుర్చీకి టీ ఇస్తున్నారేంటి వదినా అన్నాడు.

వాళ్ళు బాల్కనీలోకి వెళ్ళాక స్క్రీన్ చూశాను. ఫైల్లో రెండే పేర్లు. కమిట్‌ల జాబితాలో పైన కొత్తది ఒకటి. చేసినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

భావన జడ క్లిప్పు మా అద్దం దగ్గరే ఉంది.

మార్చి 11

సాయిప్రకాష్ లేడు. ఎప్పుడూ ఒక్కడినే కదా చేస్తున్నాను అన్నారు ఆయన.

ఈ నోటుబుక్ చూపించాను. కథలు బాగా అల్లుతున్నావే అని నవ్వారు. పెట్టె పారేద్దామన్నాను. పిచ్చిదానా, నా పని అంతా అందులోనే ఉంది అన్నారు. వెనక్కి ఎలా వెళ్ళాలో మాత్రం చూపించారు. పాత కమిట్ మీద నొక్కాలి, తర్వాత రీస్టోర్ నొక్కాలి.

ఆయన కుర్చీలోంచి లేవగానే నొక్కుతాను. ఫైల్లో ఇంక ఒక్క పేరే ఉంది.

మార్చి 12, ఉదయం

ఎదురు ఫ్లాట్ తాయారమ్మ ఆంటీ పెరుగు తోడుకి వచ్చింది. అచ్ఛా, ఇంత ఇంట్లో ఒక్కదానివే ఎలా ఉంటావే అంది. ముందు గది ఎవరికైనా అద్దెకి ఇవ్వరాదూ అంది.

నాకేమీ వింతగా అనిపించలేదు. ఆవిడ వెళ్ళాక ఈ నోటుబుక్ తెరిచాను.

మంచం మీద ఒకటే దిండు. ఆధార్ కార్డులో నా పేరు కింద మా నాన్న పేరే ఉంది. ఈ పేజీల్లో మాత్రం ఎవరో ఉన్నారు. ఆయన, ఆయన అని అన్ని చోట్లా రాశాను. ఒక్క చోటా పేరు లేదు. ఎంత తలుచుకున్నా రావడం లేదు.

అదే రోజు, 11 గంటలు

ఫైలు ఖాళీ. అసలు పేరు పెట్టిన ఆరో తారీఖు కమిట్ జాబితాలోనే లేదు. అన్నిటికన్నా కింద ఉన్నదాని పక్కన మాత్రం మనిషి పేరు ఉంది. శరణ్య. నేనే. దాని మీద నొక్కి రీస్టోర్ నొక్కాను.

మూడు లైన్లూ వచ్చాయి.

పది నిమిషాల్లో భావన ఫోన్. మెట్రోలో ఉన్నా వదినా, లేటైంది, అన్నయ్యకి చెప్పకండి అంది. ఇంతలో సాయిప్రకాష్ బెల్ కొట్టాడు. టీ ఏది వదినా అన్నాడు. ఏడుపొచ్చింది.

మీ అన్నయ్య పేరేంటి అని ఇద్దరినీ అడిగాను. అన్నయ్యకి పేరేంటి, అన్నయ్యే అన్నారు.

మార్చి 13

ఆయన రాలేదు.

మార్చి 14, హోలీ

ఆయన వచ్చారు. ముఖం నిండా ఆకుపచ్చ రంగు. మీ పేరేంటండీ అని అడిగాను. నువ్వు రాసిందే కదా అన్నారు. ముఖం కడుక్కుని వస్తానని బాత్‌రూమ్‌లోకి వెళ్ళారు.

ఆ రంగు కింద ముఖం ఎలా ఉంటుందో నాకు గుర్తు రావడం లేదు. నీళ్ళ చప్పుడు ఆగింది.