మెత్తటి జెల్ కింద గాజు

12 ఆగస్టు 2008, మంగళవారం

నిద్ర రావడం లేదు. ల్యాబ్‌లో మెత్తటి జెల్ మీద పెంచే జీవకణాలు గుండ్రంగా ముడుచుకోవాలి, గట్టిదాని మీద కాళ్లు చాపాలి. నావి రెండింటి మీదా ఒకేలా చాపుకున్నాయి. మెత్తదనంతో వాటికి పనిలేదని రేపు సెమినార్‌లో చెప్పాలి. కొత్త సంగతని మా గైడ్ సర్ కూడా సంబరపడ్డారు.

సాయంత్రం మా పరుపుల కొట్లో, పరుపులో దూది పరుస్తున్న నాన్నకు ఇదే చెప్పాను.

"ఎంత మందాన పోశావమ్మా?"

"పల్చగానే నాన్నా. ఆ జెల్ మందు ఖరీదు కదా, సగమే పోశాను."

నాన్న నవ్వి, సగం నింపిన పరుపులో మోచెయ్యి గుచ్చాడు. "ఎంత మంచి దూదైనా పల్చగా పరిస్తే కింద అరుగు తగులుద్ది. పడుకున్నోడికి తెలవదా ఏంది? ఇంత చదివావు!"

నా జెల్ కింద ఉన్నది గాజు పలక. కణాలకు తగిలింది అదేనేమో! పొదుపరినని మెచ్చుకున్న సర్‌కి, ఆ పొదుపే మూడు నెలల పనిని పాడుచేసిందేమోనని ఎలా చెప్పను? మళ్లీ మందంగా పోసి చూసేదాకా నాకూ తెలియదు. సెమినార్‌కి ముందే ఆయన గదికి వెళ్లాలి. మొదటి మాట ఏమనాలో...

ఇప్పుడే నా పరుపులోనూ మోచెయ్యి గుచ్చి చూశాను. నేల తగల్లేదు. నాన్న నాకు మందంగానే కుట్టాడు.