వేడెక్కితే అలిగే కారు

అసువొసో

చిరంజీవి బరిమాకు మేనమామ డ్వోమో ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అసువొసోలో అందరం కులాసా, నా కారు తప్ప. తెల్లారి తాళం తిప్పితే కోడికంటే ముందు కూస్తుంది. టెచిమాన్ సంతకెళ్లి, దుంపల బస్తాలు దించి మళ్లీ తిప్పితే మాత్రం గిర్రున తిరుగుతుంది గాని అంటుకోదు. అరగంట అలక! మొన్న పాస్టరుగారు బానెట్ మీద చెయ్యిపెట్టి, చెయ్యి కాలుతున్నా తియ్యకుండా ప్రార్థించాడు. ఠక్కున లేచింది. ఎవరి కన్నో పడిందంటాడాయన. కుమాసిలో అంత పేరున్న మెకానిక్కువి, నువ్వేమంటావు?

ఇట్లు,
డ్వోమో

తా.క.: పురిటికొచ్చిన నీ భార్య పోకువా బాగుంది. నొప్పులొస్తే ఆసుపత్రికి నా కారులోనే తీసుకెళ్తానని మాటిచ్చాను.

కుమాసి

మామయ్యకు నమస్కారాలు.

నీ తా.క. చదివి చేతిలో స్పానర్ కాలిమీద జారవిడుచుకున్నాను. ఆ ప్రార్థన ఎంతసేపు సాగింది? అరగంటేగా? ఆలోపు ఇంజిను చల్లబడింది, అంతే. గిర్రున తిరుగుతోందంటే బ్యాటరీ మంచిదే. వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరైపోతోందని నా అనుమానం. ఈసారి మొండికేస్తే తడిబట్ట కప్పి చూడు. వెంటనే లేస్తే జబ్బు అదే.

నీ మేనల్లుడు,
బరిమా

తా.క.: పోకువాకు చెప్పకు. కంగారుపడుతుంది.

అసువొసో

చిరంజీవి బరిమాకు ఆశీస్సులు.

కప్పమన్నావు, కప్పాను. అంత కారుకు చేతిరుమాలు చాలదు కదా! మీ అత్తయ్య చావులకు కట్టుకునే నల్లబట్ట తడిపి, ముందు భాగమంతా కప్పాను. "అయ్యో, డ్వోమో కారు పోయిందట!" అంటూ వీధి వీధంతా వచ్చింది. ఆడవాళ్లు శోకాలు పెట్టారు. ఎవరో కుర్చీలు కూడా వేయించారు. అప్పుడు తాళం తిప్పితే భుర్రుమని లేచింది. పరామర్శకొచ్చినవాళ్లు చెప్పులొదిలి పరుగో పరుగు! ఆ తోపులాటలో నా కళ్లజోడు విరిగింది. ఇక నుంచి నా ఉత్తరాలు చదివేదీ రాసేదీ పోకువాయే. మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు.

డ్వోమో

తా.క.: అందరికంటే ముందు పరుగెత్తింది నీ పెళ్లామే.
(అబద్ధం. నడిచే వెళ్లాను. — పోకువా)

కుమాసి

మామయ్యా!

కారు మొత్తానికి కాదు! ఇంజినుకు పెట్రోలు తోడే పంపు మీద పిడికెడు గుడ్డ చాలు. పోనీలే, జబ్బు దొరికింది. పెట్రోలు గొట్టం పొగగొట్టానికి తగులుతున్నట్టుంది. దాన్ని జానెడు దూరం జరిపి తీగతో కట్టాలి. నువ్వు ముట్టుకోకు. శనివారం నేనే వస్తున్నాను.

బరిమా

తా.క.: పోకువా, చదివేది నువ్వే కాబట్టి చెబుతున్నా, కదలకుండా పడుకో. ఈ ముక్క మామయ్యకు చదవకు.

అసువొసో

చిరంజీవి బరిమాకు ఆశీస్సులు.

ఆడపిల్ల! గురువారం పుట్టింది కాబట్టి మన ఆచారం ప్రకారం పేరు యా. తల్లీబిడ్డా క్షేమం. ఈ మాటే ముందు రాస్తానని కలం పట్టుకున్న మీ అత్తయ్య పట్టుబట్టింది.

ఇక నా ప్రతాపం విను. నొప్పులొచ్చి ఆసుపత్రికి వెళ్తుంటే సగం దారిలో ఆవులమంద అడ్డొచ్చింది, గబుక్కున బ్రేకు తొక్కేసరికి ఇంజిను ఆగిపోయింది. మండుటెండ. వెనకసీట్లో పోకువా మూలుగు. ఎందుకు మాటిచ్చానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. చివరికి బానెట్ ఎత్తి, పిడికెడు తడిగుడ్డ పెట్టి తిప్పితే ఒక్క తిప్పుకే లేచింది!

ఆసుపత్రిలో నర్సులకు ఈ కథ మూడుసార్లు చెప్పాను. మూడోసారి పోకువా బిడ్డను ఒళ్లో పెట్టుకుని మెల్లగా అంది: "మామయ్యా, మీరు గుడ్డ పెట్టింది బ్యాటరీ మీద."

బుధవారం నేను కునుకు తీస్తుంటే, నీ ఉత్తరంలో చెప్పినట్టే తనే గొట్టం జరిపి తీగ కట్టేసిందట, కారు లేచింది అందుకట! "మెకానిక్కు పెళ్లాన్ని, ఆమాత్రం రాదా? మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు" అంది. చిన్నబుచ్చుకోలేదురా. ఏడ్చాను.

మీ మామయ్య,
డ్వోమో

తా.క.: వచ్చేటప్పుడు పనిముట్ల పెట్టె తెమ్మంది పోకువా. ఈ సంగతి పాకి ఆసుపత్రి బయట అప్పుడే మూడు టాక్సీలు వరసకట్టాయి. ఆవిడ కిటికీలోంచి జబ్బు చెబుతోంది. బోల్టులు విప్పడానికి ఒక మనిషి కావాలట.