యారాలి పాటల పెట్టె

చెల్లే బాలమణీ, నీ అక్క నర్సవ్వ మనసారా దీవించి రాసే ముక్కలు. అందరం బాగానే ఉన్నాం. బాగున్నామని రాసినా నాకు గుబులు పోదని నీకు తెలుసు కదా. నువ్వు వేళకు తింటున్నావా? మీ ఆయన దగ్గు తగ్గిందా? బర్రె ఈనిందా, ఇంకా లేదా? అక్షరాలు వంకరగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో. ఫోన్‌లో చెబుదామంటే కోడలు స్పీకర్ పెడుతుంది, ఇల్లంతా వింటుంది. ఇది ఇల్లంతా వినాల్సిన ముచ్చట కాదు.

శామీర్‌పేటలో చలి బాగా ఉంది. చెరువు మీది గాలి తిన్నగా మా కిటికీకే కొడుతుంది. మా పిలగాడు శ్రీశైలం పొద్దున్నే జీడిమెట్ల కంపెనీకి పోతాడు. వాడి బండి గేటులోకి వచ్చేదాకా బాల్కనీలోనే నిలబడతాను. కోడలు మంచిదే, కానీ గ్యాస్ మీద జొన్నరొట్టె పొంగదు. పొంగని రొట్టె నాకు గొంతు దిగదు. లిఫ్టు ఎక్కాలంటే ఇప్పటికీ దడే. అయినా నువ్వు రంది పడకు, నేను బాగానే ఉన్నాను.

మొన్న నీ బిడ్డ ఫోన్ చేసి, "పెద్దమ్మా, రాజవ్వ చిన్నమ్మకున్నసొంటి పాటల పెట్టె అమ్మకు గూడ తెప్పిద్దామనుకుంటున్న, తెప్పియ్యాల్నా?" అని అడిగింది. అప్పుడు నా యారాలు, అదే మా మరిది పెళ్లాం రాజవ్వ, నా పక్కనే కూర్చుని ఉంది. "సూద్దాం బిడ్డా" అని పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ పెట్టె మా మరిది కొడుకు తెప్పించాడు. ఊరూరా తిరిగి పెళ్లిపాటలు పాడిన ఒక ముసలావిడ పాటలన్నీ సీడీలకెక్కించి, లావుపాటి ఫొటోల పుస్తకం జోడించి, ఒకే పెట్టెలో పెట్టారు. బియ్యం డబ్బా అంత ఉంటుంది. కానీ ఇదంతా నాకు మొదట తెలియదు. రాజవ్వ ఇంటికొచ్చి, "అక్కా, మా పిలగాడు నాకు పేద్ద బాక్సు సెట్టు తెప్పించిండు" అంది. బాక్సులంటే మనకేం తెలుసు, బరాత్‌లో గుండెలదిరేలా మోగే డీజే బాక్సులే కదా! నా కడుపు మండింది. "ఆమె దానికన్న పెద్దయి తేవాలె" అని శ్రీశైలాన్ని పట్టుబట్టాను. ఎదురింటి పిల్ల పెళ్లి కోసమేమో అనుకుని వాడు ఆదివారం ట్రాలీ ఆటోలో కిరాయి బాక్సులు దించాడు. ఒక్కొక్కటి నా ఎత్తు. లిఫ్టులో పట్టలేదు.

"ఎవరి బరాతు అవ్వా?" అని వాచ్‌మన్ అడుగుతున్నాడు. రాజవ్వ కింది బ్లాకు నుంచి కొంగు నోట్లో కుక్కుకుంటూ వచ్చింది. "అయ్యో అక్కా, గవి గాదే! నాది అట్టడబ్బ, పాటలు నింపిన అట్టడబ్బ!" కాలనీ అంతా నవ్వింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఊళ్లో పాట ఎత్తేది నేను, అందుకునేది ఆమె. నీకు తెలియంది కాదు. ఇక్కడేమో మధ్యాహ్నమైతే ఆడవాళ్లంతా ఆమె ఇంట్లోనే. ఎదురింటి పెళ్లికి పసుపు దంచేటప్పుడు పాట ఎవరు ఎత్తాలన్న మాట వచ్చింది. "రాజవ్వత్త ఉన్నది గద" అన్నారు. నా ముఖం చూసినవాళ్లు లేరు.

ఆ పెట్టెలో వంకలు వెతుకుదామనే ఒకరోజు పోయాను. దొరికాయి. ఒకే పాట మళ్లీ మళ్లీ ఉంది. కొన్ని సీడీలకు కవరు కూడా చింపలేదు. ఒకదాంట్లోనైతే ఆ పాడే ముసలావిడ పాట ఎత్తుతుంది, మరిచిపోతుంది, దగ్గుతుంది, నవ్వి మళ్లీ ఎత్తుకుంటుంది.

"తప్పులు గూడ అమ్ముకుంటున్నరా వీళ్లు?" అన్నాను.

"గదే మంచిగుంటదక్కా. తప్పినంక ఎట్ల అందుకుంటాందో సూడు" అంది రాజవ్వ. పిచ్చిది అనుకున్నాను.

పసుపు దంచే రోజు ఆమె నోరు తెరవకముందే ఎత్తేయాలని ముందే పోయి రోలు పక్కన కూర్చున్నాను. రోకళ్లకు కంకణాలు కట్టారు, ముత్తయిదువలు రోకళ్లు పట్టుకున్నారు. నేను ఎత్తాను. గొంతు బాగానే లేచింది చెల్లే, అబద్ధం చెప్పను. కానీ పెళ్లికూతురి పేరు కలపాల్సిన చోట నా నోట ఏమొచ్చిందో తెలుసా? రాజవ్వ పేరు! పొద్దున్నుంచి ఆమె పేరే మనసులో నూరుకుంటున్నాను కదా, అదే బయటపడింది.

రోకళ్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అప్పుడు రాజవ్వ ఆ రాగం తెగకుండానే, "నాకెందుకే అక్కా, ముసల్దానికి, పసుపు" అని పాటలోనే అందుకుని, అక్కడి నుంచే పెళ్లికూతురి పేరులోకి పోయింది. అందరూ ఇదేదో మేమిద్దరం కలిసి కట్టిన సరసం అనుకున్నారు. రోకళ్లు మళ్లీ లేచాయి. నేను ఆమె వెనక అందుకున్నాను.

నన్ను కాపాడిందని అందరూ ఆమెనే మెచ్చుకోవాలి, కానీ కాపాడిందని ఒక్కరికీ తెలియదు. నాకు తెలుసు. అదే ఇంకా మండుతోంది. అవమానం చేసి ఉంటే కనీసం తిట్టుకునేదాన్ని.

శ్రీశైలం ఇప్పుడు, "పోనీ నీకు గూడ గసొంటిదే తెప్పించాల్నానే?" అంటున్నాడు. వద్దన్నాను. తెప్పిస్తే ఆమె దగ్గరున్నది నా దగ్గరకు వస్తుంది కానీ, ఆమెకొచ్చింది నాకు రాదు. కాబట్టి నీ బిడ్డకు చెప్పు: కవర్లు చింపి, ఆ తప్పులతో సహా కూర్చుని వినే ఓపిక నీకుంటే తెప్పించమను, దండగ కాదు. బీరువా మీద పెట్టి నలుగురికి చూపించడానికైతే చిన్నది కూడా దండగే. ఒకవేళ తెప్పిస్తే రాజవ్వకు చెప్పకండి, ముందు నాకు చెప్పండి.

వచ్చేవాళ్లతో కాస్త జొన్నపిండి పంపు, ఇక్కడి పిండిలో జిగురు లేదు. పెద్ద వదినకు, బాపు వరుసయ్యే పెద్దలందరికీ నా శనార్తులు. నా మనసు నిమ్మళపడాలని దీవించమను. పిల్లలకు ముద్దులు. చలిలో తెల్లారకముందే కల్లాపికి లేవకు.

రాజవ్వ ఇందాకే వచ్చి, "రేపు మాపటికి రా అక్కా, ఒక పాట నాకు వస్తలేదు, నీకొస్తది" అని పిలిచి పోయింది. పోతాను. కానీ ఆమె ఇచ్చే చాయ్ మాత్రం తాగను.

నిన్ను తలవని పూట లేని
నీ అక్క నర్సవ్వ