హర్షిత ఫండులో కోత

సర్జాపుర,
మంగళవారం.

ప్రియమైన అక్కా,

రోజూ ఫోన్ చేసేవాడు ఉత్తరం రాసినాడేందని బెదరకు. ఇంట్లో అందరం బాగుండాము. నీ ఫోన్ ఎప్పుడూ హర్షిత చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి ఆ పిల్ల కంటే ముందు నువ్వు చదవాల. ఎదురుగా చెబుదామని రెండు మార్లు హెబ్బగోడి దాకా వచ్చినాను. మీ వీధి మలుపులో టీ తాగి, నోరు రాక వెనక్కి పోయినాను.

మొన్న ఆదివారం హర్షిత కాలేజీ ప్రాజెక్టు రాసుకుంటానని మా ఇంటికి వచ్చింది కదా. పిల్లల పేరు మీద పెట్టే మ్యూచువల్ ఫండ్ల గురించి రాయమన్నారంట. తన ఫండు గురించే రాస్తానని నా ల్యాప్‌టాప్‌లో వెతికింది. వెతికి, "మామా, నా ఫండు పేరు పక్కన రెగ్యులర్ అని ఉంది. అదే ఫండు డైరెక్ట్ అని ఇంకోటి కూడా ఉంది. ఏం తేడా?" అని అడిగింది. వంటింట్లో నుంచి నీ మరదలు హేమలత నా వైపు చూసింది. నేను, "పేరులోనే తేడా అమ్మా, రెండూ ఒకటే" అన్నాను. పిల్ల సరేనని తలూపి, అదే మాట నోట్సులో రాసుకుంది.

రెండూ ఒకటి కాదు. ఫండు నడిపేవాళ్ళు తమ ఖర్చుల కింద ఏటేటా నూటికి ఇంత అని తీసుకుంటారు. హర్షిత ఫండులో అది డైరెక్ట్ అయితే, అంటే ఏజెంటు లేకుండా నేరుగా కడితే, రూపాయి లోపే. రెగ్యులర్ అయితే రెండు రూపాయల పైన. ఆ ఎక్కువ తీసుకునే దాంట్లో నుంచే, నీ చేత కట్టించిన ఏజెంటుకు కమిషన్ ఇస్తారు. ఆ ఏజెంటును నేనే. ఒక్కసారి ఇచ్చి ఊరుకోరు, నీ డబ్బు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఇస్తానే ఉంటారు. ఇంత కోసినామని నీకు చీటీ ఏదీ రాదు. రోజూ ఫండు ధరలోనే కాస్త కాస్త తగ్గించేస్తారు కాబట్టి కంటికి ఆనదు. నూటికి రూపాయింబావు ఎంతలే అనిపిస్తుంది. కానీ అది నువ్వు కట్టిన దాని మీదే కాదు, పెరిగిన మొత్తం మీద పోతుంది. పోయిన రూపాయి ఇంక పెరగదు కదా.

బావ చనిపోయిన ఏడు మొదలుపెట్టినాము. నెలకు రెండు వేలు చొప్పున పదకొండేళ్ళు. మొత్తం కట్టింది రెండు లక్షల అరవై నాలుగు వేలు. ఇప్పుడు నాలుగు లక్షల డెబ్బై వేలు ఉండాది. డైరెక్ట్‌లో వేసి ఉంటే ఐదు లక్షల పది వేలు దాటేది. అంటే నలభై వేలు తక్కువ. హర్షితకు ఒక ఏడాది కాలేజీ ఫీజు. అందులో సగం దాకా నాకు ముట్టింది.

ఇంకోటి ఉండాది. ఫారంలో ఈమెయిల్ అడిగితే, నీకు లేదని నాదే రాసినాను. మొదట వీలుగా ఉంటుందనే. తర్వాత దానికి వచ్చే నీ స్టేట్‌మెంట్లలో నా కమిషన్ అంకె కూడా రావడం మొదలైంది. అప్పుడు మార్చాల్సింది. తెలిసీ మార్చలేదు.

లాక్‌డౌన్‌లో మీ గార్మెంట్స్ ఫ్యాక్టరీ మూసేసినప్పుడు, ఫండు మూడో వంతు పడిపోయిందని నువ్వు ఏడ్చి, మొత్తం తీసేస్తానంటివి. నేను వద్దని చెప్పి నాలుగు నెలలు నా చేతి నుంచి కట్టినాను. దానికీ దీనికీ సరిపోయిందిలే అని ఇన్నాళ్ళూ సమాధానం చెప్పుకున్నాను. సరిపోయి ఉంటే హర్షితకు అబద్ధం ఎందుకు చెబుతాను?

నువ్వు ఏమన్నా పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండొద్దు.

నీ తమ్ముడు,
యశ్వంత్


హెబ్బగోడి,
శుక్రవారం.

యశూ,

నీ జాబు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చదివినా. మళ్ళీ ఒకసారి చదివినా. నలభై వేలు అన్న కాడ డబ్బా మూత పెట్టేస్తిని. నలభై వేలంటే ఎన్ని ఓవర్‌టైంలప్పా? జ్వరంతో మిషన్ తొక్కిన రోజులు ఉండాయి, ఆ నెల రెండు వేలకు తక్కువ పడుతుందని.

నీకు ఏదో వస్తాదని నాకు తెలీదనుకుంటివా? ఏజెంటు ఊరికే తిరగడు కదా, కంపెనీవాళ్ళు ఇస్తారులే అనుకుంటి. అది నా బిడ్డ డబ్బులో నుంచే, ఏటేటా పోతాదని తెలీదు. నన్ను అడిగి ఉంటే, తమ్ముడివి, తీసుకో అనేదాన్ని. అడక్కుండా తీసుకుంటివి. నాకు తెలుగు తప్ప చదువు రాదని తెలిసి, ఆ ఇంగ్లీషు కాగితాలు నీ దగ్గరే పెట్టుకుంటివి. అది నాకు నలభై వేల కంటే ఎక్కువ కొట్టింది.

లాక్‌డౌన్‌లో కట్టింది నా తమ్ముడు. అది మరిచేదాన్ని కాదు. ఈమెయిల్ రాసుకున్నది ఏజెంటు. ఇద్దరినీ కలిపి నాకు లెక్క చెప్పొద్దు.

ఇప్పుడు నా భయం వేరే ఉండాది. మా మిషన్ల లైనులో ఎనిమిది మంది, వాళ్ళ పిల్లల పేరు మీద నీ దగ్గర కడతాండారు. రామక్క, జెస్సీ, శ్రుతి, అందరూ. ఎవరిని చూసి? నన్ను చూసి. నా తమ్ముడే, కళ్ళు మూసుకొని కట్టండి అని నేనే చెప్పినా. నువ్వు నాకొక్కదానికి జాబు రాసి బరువు దించుకుంటివి. ఆ బరువు ఇప్పుడు నా నెత్తిన ఉండాది. నిన్నటి నుంచి జెస్సీ పక్క మిషన్‌లో కూర్చుని మాట్లాడిస్తాంటే తల ఎత్తలేకపోతాండా.

ఈ ఆదివారం పది గంటలకు రా. అందరినీ మా రూముకు రమ్మన్నా. హర్షిత కూడా ఉంటాది. దానికి నేను ఒక్క మాటా చెప్పలేదు. నువ్వే, దాని ముందరే చెప్పాల. రాకుంటే నేను చెప్తా. అప్పుడు వాళ్ళకు ఏజెంటు ఉండడు, నాకు తమ్ముడు ఉండడు.

నేత్రావతి


సర్జాపుర,
నాలుగు వారాల తర్వాత, గురువారం.

అక్కా,

ఫోన్‌లో బాగుండావా అంటే బాగుండాను అంటాము, అంతటితో అయిపోతుంది. అందుకే మళ్ళీ కాగితం తీసినాను.

ఆ ఆదివారం మీ గడప దాటే ముందు చెప్పులు విప్పి ఎంతసేపు నిలబడినానో నాకే తెలీదు. "నీకు లెక్క వచ్చు, మాకు రాదు. అందుకేనా అన్నా అన్నా అని పిలిపించుకుంటివి?" అని, నేను అంతా చెప్పినాక జెస్సీ అరిచినప్పుడు నువ్వు అడ్డం రాలేదు. రాకపోవడమే మంచిదైంది. తర్వాత రామక్క నన్ను, "డైరెక్ట్‌లో కడితే నీకేమొస్తాది?" అని అడిగింది. "ఏమీ రాదు" అంటే, "అయితే ఇన్నేళ్ళకు ఇది నిజం" అంది. నాకు ఏడుపొచ్చింది.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఆ రోజు హర్షిత నాతో బస్టాప్ దాకా వచ్చింది కదా. బస్సు కనబడినాక అంది: "మామా, ప్రాజెక్టు నిన్ననే ఇచ్చేసినాను. రెండూ ఒకటే అన్న లైను సార్ కొట్టేసినారు. నేను క్లాసులో అందరి ముందర సార్‌తో వాదించినాను. మా మామ చేసే పనే అది, ఆయనకు తెలీదా అని."

ఆ బస్సు వెళ్ళిపోయింది. తర్వాతిది కూడా పోనిచ్చినాను. తప్పు చేసినానమ్మా అన్నాను. పిల్ల నా ఫోన్ తీసుకుని, ఫండు ఖాతాలో నా ఈమెయిల్ తీసేసి తనది పెట్టేదానికి రిక్వెస్ట్ పంపింది. నీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నంబరు నిన్ను అడిగింది అందుకే. ఇప్పుడు స్టేట్‌మెంట్లు తనకే వస్తాండాయి. పాత డబ్బు ఒక్కసారే మారిస్తే పన్ను ఎక్కువ పడుతుందని తనే చదివి, కొత్తగా కట్టేది డైరెక్ట్‌లోకి, పాతది ఏడాదికి కొంత అని రాసి పంపింది. చూసినాను. ఒక్క తప్పూ లేదు.

మీ లైనులో ఐదు మంది మారిపోయినారు. ఫారాలు నేనే నింపి ఇచ్చినాను. రామక్క, ఇంకిద్దరు మారలేదు. "నీకు ఎంత ముడతాదో మాకు ఇప్పుడు తెలిసింది కదప్పా. తెలిసి ఇచ్చేది వేరే. పడిపోయినప్పుడు తీయొద్దని చెప్పేదానికి నాకు మనిషి కావాల" అంది రామక్క. జెస్సీ ఇప్పటికీ నాతో మాట్లాడదు.

నా దగ్గర మొత్తం అరవై మూడు మంది కడతాండారు. కమిషన్ నెలకు పదిహేను వేల దాకా వచ్చేది. అందరికీ నిజం చెబుతానంటే హేమలత వేళ్ళ మీద లెక్క వేసి, "అద్దె కష్టమే" అంది. కాసేపు కూర చూసుకుంది. తర్వాత, "ఆ రోజు పిల్లకు నువ్వు అబద్ధం చెబుతాంటే నేనూ ఊరుకున్నాను. పోయి అందరికీ చెప్పు" అంది. కింద పెయింట్ షాపులో పొద్దుపూట లెక్కలు రాసేదానికి ఒప్పుకున్నాను.

ఇప్పటికి నలభై నాలుగు మందికి చెప్పినాను. కొందరు తిట్టినారు, కొందరు నవ్వినారు, ఒకాయన చెప్పినందుకు కాఫీ ఇప్పించి ఆ వారమే నన్ను వదిలి వేరే దారి చూసుకున్నాడు. ఇంకా పంతొమ్మిది మంది ఉండారు. రేపు ముగ్గురిని కలవాల. వెళ్ళిన ప్రతి ఇంటి ముందరా మొదటి రోజు మాదిరే చెప్పులు విప్పి నిలబడిపోతాను. అయినా బెల్ కొడతాండానక్కా.

నీ తమ్ముడు,
యశ్వంత్