అమ్మ ఊపిరి అందుకునే చోటు

నాన్నకు నమస్కారాలు.

నేనిక్కడ కులాసా. నువ్వూ, నీ వయొలినూ కులాసాగానే ఉన్నారని అనుకుంటున్నాను. వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. సినిమావాళ్ళు జీతం ఇవ్వకపోయినా భోజనం మాత్రం కొసరి కొసరి పెడుతున్నారు.

కాలేజీ సెలవుల్లో మాటలు రాయడానికి సాయం చేస్తున్నానని చెప్పాను కదా. వీధుల్లో పాడుకునే ఇద్దరి ప్రేమకథ. వాన సీను ఎప్పుడు తీస్తారని అడిగితే దర్శకుడు, "వాన కొనే స్తోమత మనకెక్కడిదమ్మా? ఊరికే పడ్డప్పుడు తీద్దాం" అన్నాడు. చివరికి వాళ్ళిద్దరూ కలుస్తారా అని అడిగావు. కలవరు. అబ్బాయి ఒక్కడే వాయించుకుంటూ మిగిలిపోతాడు. ఆ ముగింపు నేను రాసింది కాదు.

ఈమధ్య 'గుబులు' అనే మాట నన్ను వదలడం లేదు. భయం కాదు, దిగులూ కాదు. పక్కగదిలో ఎవరో ఉన్నారని తెలిసి, తలుపు తీయలేకపోవడం లాంటిది.

హీరోయిన్‌కి ఎవరు పాడుతున్నారని కూడా అడిగావు. అది రాయలేకే ఇంతసేపు తచ్చాడాను. అమ్మే పాడుతోంది, నాన్నా.

అమ్మ పోవడానికి ముందు సంవత్సరం, వయొలిన్ తీగ తెగి నువ్వు కొత్తది వేసుకుంటుంటే, మీరిద్దరూ పాడుకునే వంతెన కింద తనొక్కతే పాడింది కదా. అది నా ఫోన్‌లో ఉంది. నిన్నడక్కుండా వీళ్ళకి ఇచ్చేశాను. సౌండ్ చూసే అన్నయ్య దాన్ని శుభ్రం చేస్తూ, ప్రతి లైను ముందూ అమ్మ ఊపిరి అందుకునే చప్పుడు కోసేయబోయాడు.

"అది తీసేస్తే మా నాన్నకి ఎక్కడ ఎత్తుకోవాలో తెలీదు!" అని అరిచాను. వీధి గోలలో ఆ చప్పుడు వినే కదా నువ్వు వయొలిన్ మీదికి కమాను ఎత్తేవాడివి.

కానీ రెండో చరణం మధ్యలోనే ఫోన్‌లో రికార్డింగ్ ఆగిపోయింది. ఇక్కడ అలాంటి వంతెనే ఒకటి వెతికి, దాని కింద నిలబడి మిగతాది నేను పాడాను. నేను పాడితే కాకులు కూడా లేచిపోతాయని మీరిద్దరూ ఏడిపించేవాళ్ళు. ఆ రోజు అమ్మలాగే ముందు ఊపిరి అందుకున్నాను. ఆ తర్వాత వచ్చిన గొంతు నాది కాదు.

షూటింగ్‌లో ఆ పాటకి హీరోయిన్ పెదవులు కదుపుతూ కదుపుతూ ఆగిపోయింది. "ఇందాకటి ఆవిడే కదా పాడుతోంది? నాకెందుకో చేతులు చల్లబడుతున్నాయి" అంది. అతుకు ఎక్కడుందో అన్నయ్య పట్టుకోలేకపోయాడు. నేనూ పట్టుకోలేకపోతున్నాను. స్నానాల గదిలో కూనిరాగం తీసినా ఇప్పుడు అదే గొంతు. నాది ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు.

నువ్వు వద్దంటే పాట తీసేస్తానని దర్శకుడు మాటిచ్చాడు. ఏదో ఒకటి చెప్పేముందు ఒక్కసారి రా. వయొలిన్ తెచ్చుకో. పాట పెడతాం, నువ్వు కళ్ళు మూసుకుని వాయించు. కమాను ఎత్తబోయి నీ చెయ్యి ఎక్కడ ఆగిపోతే, అక్కణ్ణుంచి నేను.

ఎక్కడా ఆగకపోతే మాత్రం, పాట అయిపోగానే నన్ను పేరు పెట్టి గట్టిగా పిలువు, నాన్నా.

ఇట్లు,
నీ కూతురు