పెదతాతని ఎత్తున కూర్చోబెట్టాను

తాతయ్యా,

పడవ వచ్చేసింది, బడికి వెళ్తున్నాను. పది గంటలకి సువా పట్నం ఆసుపత్రి నుంచి పెదతాత మళ్ళీ పిలుస్తాడు. మధ్యాహ్నం ఆయనకి ఆపరేషన్. ఈసారైనా మాట్లాడు.

రెండు పెట్టెలు పేర్చి ల్యాప్‌టాప్ వాటి మీద పెట్టాను. తెర కిందికి వంచాను. నువ్వు చాప మీద కూర్చుంటే మీ అన్నయ్య నీకంటే ఎత్తున ఉంటాడు, పెద్దవాళ్ళకంటే ఎత్తున ఉండకూడదన్న మన మర్యాద తప్పదు. మోగగానే లేచి, సున్నం బొట్టు పెట్టిన మీట నొక్కి, వెంటనే కూర్చో. అంతమాత్రం లేచినందుకు ఆయన ఏమీ అనుకోడు. తీగ కోసం వెతక్కు, ఇంటర్నెట్ దాని లోపలే ఉంది. చర్చిలో మన పాటల పుస్తకమంత బరువైనా లేదు, అంత సముద్రం దాటించి మనిషిని ఇంట్లోకి తెచ్చేస్తోంది! తలుచుకుంటే నాకింకా ఒళ్ళు జలదరిస్తోంది.

నిన్న దాన్ని చాప మీద పెట్టడం నా తప్పే. కానీ "మా అన్నయ్య ముఖం నా మోకాళ్ళ కింద పెడతావా, బుద్ధుందా నీకు?" అని నువ్వు పక్కింటివాళ్ళ ముందు నా మీద అరవకుండా ఉండాల్సింది. తల వంచుకుని నువ్వు బయటికి వెళ్ళిపోతే, "వాడికి నా మీద కోపమా?" అని ఆయన రెండుసార్లు అడిగాడు.

వసీతి

నిన్న సిగ్గుపడి చెప్పలేదు. నువ్వు వెళ్ళిపోయాక, కింద నుంచి పెదతాతకి మన ఇంటి కప్పే కనిపించింది. "ఆ దూలం నేనూ మీ తాతా భుజాల మీద మోసి ఎత్తాం. కాసేపు కదపకే పిల్లా" అన్నాడు. నేను కదపలేదు. ఆయన దూలాన్ని చూస్తూ ఉండిపోయాడు, నేను ఆయన్ని చూస్తూ ఉండిపోయాను.