దిండులో దబ్బనం

టీచరమ్మ గారికి నమస్కారం.

నేను చిట్టి వాళ్ళ నాన్నను. బజారు చివర పరుపుల దుకాణం నాదే. రెండేళ్ళుగా బడిలో నోరు విప్పని మా పిల్ల, పోయిన వారం ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టిందట. ఇంట్లో అయితే ఆపమన్నా ఆపడం లేదు. మా ఆవిడ సంతోషం పట్టలేక ఏడ్చింది. సాయంత్రానికి చెవులు మూసుకుంది.

ఇదంతా మీ చలవే. మీకు ఏదైనా ఇవ్వాలనిపించింది. కొనుక్కొచ్చి ఇవ్వడానికి మనసొప్పలేదు. మా ఆవిడ కాగితం పూలు చేసింది, అవి క్యాబేజీల్లా వచ్చాయి. చిట్టి జిగురు పెట్టి కార్డు చేసింది. అది బల్లకు అతుక్కుపోయి ఇప్పటికీ అక్కడే ఉంది. చివరికి మీకేం కావాలో చిట్టినే అడిగాను. "టీచరుకి నిద్ర కావాలి" అంది. ఇంకేం, నా చేతిలో పనే కదా! మంచి దూది స్వయంగా ఏకి, రోజూలాగే అర్ధరాత్రి దాకా మేలుకుని దిండు కుట్టాను. గలీబు మీద ఎర్రదారంతో "కంటి నిండా నిద్రపోండి" అని రాశాను. కాదనకుండా తీసుకోండి.

ఇట్లు,
చిట్టి వాళ్ళ నాన్న

తా.క. కొలత చిట్టి చెప్పింది. క్లాసులో మీ కుర్చీకి సరిగ్గా సరిపోతుంది.

*

గౌరవనీయులైన తండ్రి గారికి,

దిండు అందింది. పిల్లలందరి ముందూ అందింది. "కంటి నిండా నిద్రపోండి" అని క్లాసంతా ఒక్క గొంతుతో చదివింది. చదవడం నేర్పింది నేనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

పోయిన వారం జ్వరం మాత్ర వేసుకుని క్లాసులో ఒక్క కునుకు తీసిన మాట నిజం. ఆ సంగతి ఎవరో హెడ్మాస్టరు గారి చెవిన వేశారు. సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వాలని, లేకపోతే వేరే బడికి పంపిస్తామని మెమో వచ్చింది. చెప్పిందెవరో ఇన్నాళ్ళూ తెలియలేదు. దిండు చూశాక తెలిసింది. మెత్తని దూదిలో మీరు దాచిపెట్టిన సూది గట్టిగానే గుచ్చుకుంది.

ఇట్లు,
మూడో తరగతి టీచరు

తా.క. కుర్చీకి సరిగ్గానే సరిపోయింది. అందుకు ఇంకా కోపంగా ఉంది.

*

టీచరమ్మ గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెడదామంటే, మీరు క్షేమంగా లేరని మీ ఉత్తరమే చెబుతోంది.

"సూది" అన్న మాట దగ్గరే ఉత్తరం వదిలేసి దుకాణానికి పరిగెత్తాను. పైన రాసిన మెమో సంగతేమిటో బుర్రకెక్కనే లేదు. మీ దిండు కుట్టిన రోజు నుంచీ నా దబ్బనం కనిపించడం లేదండీ! పరుపులు కుట్టేది, బెత్తెడు పొడుగుంటుంది. దుకాణమంతా దూది చెదరగొట్టి వెతికాను. నేను తుమ్మితే ఇప్పటికీ దూదే వస్తోంది.

ఎక్కడ గుచ్చుకుంది? బుగ్గకా, చెవికా? లోతుగా దిగిందా? వెంటనే ఇంజెక్షన్ చేయించుకోండి. దయచేసి మళ్ళీ దాని మీద తల పెట్టకండి. అన్ని వైపులా అరచేత్తో మెల్లగా నొక్కి చూడండి.

భయపడుతున్న,
చిట్టి వాళ్ళ నాన్న

తా.క. కొంపదీసి దాని మీద కూర్చోలేదు కదా? కూర్చుని ఉంటే, ఎక్కడ గుచ్చుకుందో రాయనక్కరలేదు.

*

అయ్యా,

ఎగతాళికి కూడా ఒక హద్దుంటుంది. గుచ్చుకున్నది మనసుకి. దానికి ఇంజెక్షన్ లేదు.

మీ దిండు, మీ ఉత్తరాలు తీసుకెళ్ళి హెడ్మాస్టరు గారి బల్ల మీద పెట్టాను. "ఇదే నా సంజాయిషీ. పంపిస్తే పంపించండి" అని చెప్పి వచ్చేశాను. ఇక మీరు నాకు రాయకండి.

ఇట్లు,
టీచరు

తా.క. చిట్టి మీద నాకేమీ కోపం లేదు. ఇవాళ ఏడో ఎక్కం గొంతెత్తి చెప్పింది. అదొక్కటీ మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

*

టీచరమ్మ గారూ,

రాయకండి అన్నారు, అయినా రాస్తున్నాను. దిండు హెడ్మాస్టరు గారి దగ్గరుందా! ఆయన తల పెట్టకముందే లాగేయండి!

మీ మొదటి ఉత్తరం మా ఆవిడ తీసి గట్టిగా చదివింది, వాక్యానికోసారి ఆగి నా వైపు చూస్తూ. అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. మీరు కునుకు తీశారని నాకు తెలిస్తే ఒట్టు! నిద్ర అనగానే నాకు దిండే తోచింది. చెప్పులు కుట్టేవాణ్ణయినా బాగుండేది.

మీరు వెళ్ళిపోతే మా పిల్ల మళ్ళీ మూగబోతుంది. ఆ భయంతో ఇంట్లో ఎవరికీ ముద్ద దిగడం లేదు. హెడ్మాస్టరు గారి కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. మీరు మాత్రం వెళ్ళకండమ్మా.

మీ,
చిట్టి వాళ్ళ నాన్న

తా.క. దబ్బనం ఇంకా దొరకలేదు. హెడ్మాస్టరు గారి ఒంట్లో ఎలా ఉందో రాయండి.

*

చిట్టి నాన్నగారికి,

ఈసారి అందరం నిజంగానే క్షేమం.

మీ ఉత్తరం చదివి హెడ్మాస్టరు గారి గదికి పరిగెత్తాను. గుమ్మంలో చిట్టి నిలబడి ఉంది. నోటి మీద వేలు పెట్టుకుని, "ష్! సారు పడుకున్నారు, తర్వాత రండి" అంది. లోపల ఆయన మీ దిండు మీద తల పెట్టి గుర్రు కొడుతున్నారు.

లేచాక తడబడ్డారు. "దబ్బనం ఉందేమోనని చూస్తున్నాను" అన్నారు. తలతోనా అని నేను అడగలేదు. చిట్టిని చూసి ఆయనకే నవ్వొచ్చింది. "ఆ రోజు కూడా ఈ పిల్లే. మీ క్లాసుకి వస్తే గుమ్మంలో నన్ను ఆపేసి, మా టీచరు పడుకున్నారు, తర్వాత రండి అంది" అన్నారు.

బడిలో మీ అమ్మాయి మాట్లాడిన మొదటి మాట అదేనండీ. నాకు కాపలా కాయడానికి నోరు విప్పింది. అది తెలిసి నవ్వాను, ఏడ్చాను, రెండూ ఆయన ముందే. మెమో ఆయనే చించేశారు. తన నిద్ర సంగతి ఎవరికీ చెప్పొద్దని చిట్టిని బతిమాలారు. ఆలోచిస్తానంది.

నేనెక్కడికీ వెళ్ళడం లేదు. మిమ్మల్ని అనుమానించినందుకు క్షమించండి. గుండె తేలికపడింది. దిండు తిరిగి తెచ్చుకున్నాను, ఇంటికి.

కృతజ్ఞతతో,
మీ అమ్మాయి టీచరు

తా.క. దబ్బనం దొరికింది. చిట్టి పెన్సిళ్ళ డబ్బాలో ఉంది. చిట్టి మోసిన మన ఉత్తరాలన్నీ దాని పక్కనే, అదే పుస్తకాల సంచిలో తిరిగాయి. ఎందుకు దాచావే అంటే, "అది లేకపోతే నాన్న కూడా పడుకుంటారని" అంది. రేపు పొద్దున పంపిస్తాను. ఈ రాత్రికి మీరూ పడుకోండి.